రెండో నంబరు గేటు మీద వాలిన పక్షి

తుఫాను గురించి వాతావరణ శాఖ మూడు రోజుల ముందు చెప్పింది. పక్షుల లెక్కింపు గురించి ప్రభుత్వం ఆరు నెలల ముందే చెప్పింది. కాబట్టి రెండింటిలో లెక్కింపే సీనియర్. జూనియర్ కోసం సీనియర్‌ని వాయిదా వేయడం కుదరదన్నారు.

నేను గుమ్మలపుట్టు జలాశయానికి అసిస్టెంట్ ఇంజినీరుని. సముద్రమట్టానికి రెండున్నర వేల అడుగుల పైన, నాలుగు కొండల మధ్య, పిల్లిగెడ్డ అనే కొండవాగుకు అడ్డంగా కట్టిన మట్టికట్ట అది. దానికి గేట్లు రెండు. ఒకటో నంబరు గేటు తుప్పు పట్టి పదకొండేళ్లుగా కదలడం లేదు. దాని మరమ్మతు ప్రతిపాదన దశలో ఉంది. రెండో నంబరు గేటు కదులుతుంది. కదిలించేవాడు కిల్లో బొంజుబాబు.

బొంజుబాబు ముప్పై నాలుగేళ్లుగా గేటు ఆపరేటరు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. కట్ట కింద రెండు కిలోమీటర్ల దూరంలో, గెడ్డ ఒడ్డున ఉన్న బొడ్డగూడ అతని ఊరు. అరవై నాలుగు ఇళ్లు. వాటిలో గెడ్డకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అతనిదే. అందుకే గేటు విషయంలో అతనికి ఎవరూ ఏదీ గుర్తు చేయనక్కర్లేదు.

ఆ ఉదయం ఏడు గంటలకు నీటిమట్టం 2,587 అడుగులు. 2,588 దాటితే గేటు ఎత్తాలి. 2,592 అంటే కట్ట తల. మట్టికట్ట తల మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే గంటలో కట్ట ఉండదు. కట్ట లేకపోతే బొడ్డగూడ ఉండదు.

చాలా చిన్న లెక్క. అందులోకి పక్షి వచ్చింది.

*

అది విహంగ వైభవ మాసం. రాష్ట్రంలోని ఎత్తు ప్రాంతపు జలాశయాలన్నిటినీ ‘నిశ్శబ్ద విహంగ క్షేత్రాలు’గా ప్రకటించారు. వాటికి పద్నాలుగు నిబంధనలు. కిలోమీటరు లోపల నలభై డెసిబెల్స్ దాటిన శబ్దం ఉండకూడదు. ప్రతి పక్షినీ ‘పక్షి నేత్రం’ అనే యాప్‌లో ఫోటోతో సహా నమోదు చేయాలి. నిరుటి కంటే ఈ ఏడాది పది శాతం పక్షులు పెరగాలి.

నిరుటి లెక్క 4,312. ఎలా వచ్చిందో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది అంకెకు పది శాతం కలిపింది నేనే.

లెక్కింపు పర్యవేక్షణకు రాజధాని నుంచి ప్రత్యేకాధికారి ముక్తేశ్వరరావు గారు ముందురోజే వచ్చి అతిథి గృహంలో దిగారు. అతిథి గృహం కట్ట పక్కన గుట్ట మీద ఉంటుంది. తెల్లవారేసరికి ఆయన వరండాలో రెయిన్ కోటు, టోపీ, మెడలో బైనాక్యులర్స్‌తో సిద్ధంగా ఉన్నారు. గాలికి వరండా మీది రేకు ఒకటి లేచి పడుతోంది. అవతలి గట్టు కనిపించడం లేదు. వాన అడ్డంగా కురుస్తోంది.

"ఏఈ గారూ, యాప్‌లో వాతావరణం నింపండి" అన్నారు.

యాప్‌లో రెండే బొత్తాలున్నాయి. ఒకటి ‘ఆహ్లాదకరం’. రెండోది ‘మిక్కిలి ఆహ్లాదకరం’.

"సార్, తుఫాను..."

"లేనిదాన్ని ఎలా నొక్కుతారు? ఉన్నదాంట్లో ఏది సముచితమో అది నొక్కండి."

వాన పడుతోంది కదా అని నేను మొదటిదే నొక్కాను.

ఆయన రెండు గంటల పాటు నీళ్లను జల్లెడ పట్టారు. పక్షులకు ఉత్తర్వు అందలేదు, తుఫాను కబురు మాత్రం అందినట్టుంది. కొంగ లేదు, బాతు లేదు, నీటికాకి లేదు. 4,743 రావలసిన చోట సున్నా.

"విహంగాలు మూకుమ్మడిగా గైర్హాజరయ్యాయి" అన్నారు ముక్తేశ్వరరావు గారు, మెమో ఎవరికివ్వాలా అన్నట్టు నా వైపు చూస్తూ.

అంతలో ఆయన చెయ్యి ఆగింది. బైనాక్యులర్స్ కళ్లకు అతుక్కున్నాయి. గొంతు కిందికి దిగింది.

"ఏఈ గారూ. ఊపిరి బిగబట్టండి. రెండో నంబరు గేటు మీద."

చూశాను. రెండో నంబరు గేటు పై అంచున ఒక పక్షి కూర్చుని ఉంది. అడుగున్నర ఎత్తు. ఇటికరంగు రొమ్ము, పసుపు కాళ్లు, ఆకుపచ్చ రెక్కలు. అంత గాలిలోనూ కదలడం లేదు.

"నలభై ఏళ్ల విహంగ వీక్షణలో ఇలాంటిది నేను చూడలేదు. ఆ రొమ్ము రంగు చూడండి, గేటు రంగు! ఆ కాళ్లు చూడండి, రెయిలింగు రంగు! పరిసరాలలో కలిసిపోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. పరిణామ సిద్ధాంతం మన కళ్ల ముందు కూర్చుని ఉందండీ!"

ఆయన ఫోటో తీసి యాప్‌లో పెట్టేశారు. ‘అత్యంత అరుదైన విహంగం. సంఖ్య: 1.’ నాలుగు నిమిషాల్లో పై నుంచి అభినందన వచ్చింది. ఆరో నిమిషంలో పైవారి పై నుంచి కూడా వచ్చింది.

నా పక్కన బొంజుబాబు నిలబడి ఉన్నాడు. నా చెవి దగ్గరకు వంగాడు.

"బాబూ, అది మన పెయింటే."

*

దాని కథ ఇది.

నీటిమట్టం చూసే కొలత కర్ర మీద నీటికాకులు కూర్చునేవి. వాటి రెట్ట కింద అంకెలు కనబడేవి కావు. ఏదైనా చెయ్యమని రెండేళ్ల కిందట నేనే బొంజుబాబుకు చెప్పాను. అతను బూరుగు చెక్కను తొలిచి డొల్లగా పక్షి బొమ్మ చెక్కాడు. డిపార్టుమెంటు ఇచ్చిన బొత్తాం గొడుగు ఒకటి మూలన పడి ఉంటే, దాన్ని రెక్కలుగా అమర్చాడు. గేటుకు వేయగా మిగిలిన ఎరుపు, రెయిలింగుకు వేయగా మిగిలిన పసుపు, అతిథి గృహం కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పూశాడు. నీటికాకులు మరీ ఎగబడితే వెళ్లి బొత్తాం నొక్కేవాడు. రెక్కలు ఫట్‌మని విచ్చుకునేవి. నీటికాకులు కిలోమీటరు దూరం పోయేవి.

రాత్రి గాలికి అది కొలత కర్ర మీంచి ఊడి, ఎగిరొచ్చి, దాని వెదురు కాలు గేటు పైనున్న కొక్కెంలో ఇరుక్కుంది. అంతే.

నేను నిజం దాచలేదు. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత ఎవరైనా అడుగుతారని.

"సార్, అది పక్షి కాదు. చెక్క. మా బొంజుబాబు చేశాడు."

ముక్తేశ్వరరావు గారు బైనాక్యులర్స్ దించలేదు. "ఏమన్నారు?"

బొంజుబాబు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "చెక్కపిట్ట బాబూ. నానే సేసినాను. బూరుగు చెక్క."

"స్థానిక నామం చెక్కపిట్ట" అని ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నారు. "ఆవాసం బూరుగు వృక్షం. గిరిజనులు దీన్ని తమ సొంత సృష్టిగా భావిస్తారు. ఎంత గాఢమైన బంధం! చెప్పండి, ఇంకా ఏం నమ్ముతారు?"

"నమ్మడం కాదు సార్, అది నిజంగా..."

"ఏఈ గారూ." ఆయన మొదటిసారి నా వైపు తిరిగారు. "ఒకసారి నమోదైన విహంగాన్ని తొలగించే సదుపాయం యాప్‌లో లేదు. పైవారు అభినందించిన విహంగం చెక్కదని మీరంటే, పైవారు చెక్కను అభినందించారని అర్థం వస్తుంది. మీరు ఆ అర్థంలో అంటున్నారా?"

నేను ఆ అర్థంలో అనడం లేదన్నాను.

అప్పుడు నీటిమట్టం 2,588.

*

"గేటు ఎత్తాలి సార్."

"ఎత్తండి."

బొంజుబాబు అప్పటికే నాలుగడుగులు వేశాడు.

"ఆగండి! గేటు లేస్తే విహంగం లేస్తుంది కదా?"

"లేస్తుంది సార్."

ఆయన ఉత్తర్వు తీశారు. ఏడో నిబంధన. ‘అరుదైన విహంగం వాలిన స్థలాన్ని విశ్రాంతి స్థానముగా పరిగణించవలెను. విహంగము స్వచ్ఛందముగా ఖాళీ చేయు వరకు సదరు స్థానమును కదిలించుట, కుదుపుట, తడుపుట నిషిద్ధము.’

"తడుపుట కూడానా సార్? వాన పడుతోంది."

"వాన మన శాఖ పరిధిలో లేదు."

"ఆ పక్షి ఎప్పటికీ లేవదు సార్."

"ఎందుకు లేవదు? అనారోగ్యమా?"

నాకు దారి దొరికిందనిపించింది. అనారోగ్యమైతే వైద్యానికి తరలించవచ్చు. కొండ కింద కూడలిలో పశువైద్యురాలు డాక్టర్ హైమవతి గారున్నారు. ఫోన్ చేస్తే మొండి జీపులో, నెత్తి మీద ప్లాస్టిక్ సంచీ కట్టుకుని గంటలో వచ్చారు. నీటిమట్టం 2,589. కట్ట లోపలి వైపు రాళ్లను అలలు పీకుతున్నాయి.

హైమవతి గారు గేటు పైనున్న వంతెన మీదికి వెళ్లి, కిందికి తొంగి చూసి, తిరిగొచ్చారు. నా మొహం, బొంజుబాబు మొహం చూశారు. ఆవిడకు అర్థమైపోయింది.

"డాక్టర్ గారూ, విహంగ స్థితి?" అన్నారు ముక్తేశ్వరరావు గారు.

"కంటి రెప్ప వేయడం లేదండి."

"జీవించి ఉందా, అస్వస్థతా, మృతి చెందిందా? ఈ మూడింటిలో ఒకటి నొక్కాలి."

"ఒక్కోదానికీ ఏమవుతుందండి?"

ఆయన వివరించారు. జీవించి ఉంటే కదిలించకూడదు. అస్వస్థత అయితే విహంగ అంబులెన్సు రావాలి. అది నగరంలో ఉంది, కూడలికి అవతల ఘాట్ రోడ్డు మీద చెట్లు పడ్డాయి. మృతి చెందితే అది నేరస్థలం. పంచనామా అయ్యేవరకు గేటుకు తాళం.

హైమవతి గారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఒళ్లు మండి ఒక మాట అన్నారు. ఆ రోజంతటిలో అంత ప్రమాదకరమైన మాట ఇంకొకటి లేదు.

"గుడ్డు పెడుతోందేమోనండి."

ముక్తేశ్వరరావు గారి మొహం వెలిగిపోయింది. "సంతానోత్పత్తి! పదో నిబంధన! ఇరవై ఎనిమిది రోజులు!"

"ఎకసెక్కానికన్నాను సార్!" అని డాక్టరు గారు అరిచారు.

"నలభై డెసిబెల్స్" అని ఆయన వేలు చూపించారు.

*

పదింటికి మొదటి భోజనం. తొమ్మిదో నిబంధన ప్రకారం విశ్రాంతిలో ఉన్న విహంగానికి ప్రతి మూడు గంటలకు ప్రభుత్వ సిబ్బంది ఆహారం పెట్టాలి. పావుకిలో చేపలు. బొంజుబాబు నడుముకి తాడు కట్టుకుని, వంతెన మీంచి నిచ్చెన దిగి, పళ్లెం పక్షి ముందు పెట్టి వచ్చాడు. నిమిషంలో ఒక అల వచ్చి చేపలన్నీ పట్టుకుపోయింది.

"తింది!" అన్నారు ముక్తేశ్వరరావు గారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను ఈలోగా సైరన్ సంగతి చూశాను. నీళ్లు వదిలే ముందు కింది ఊళ్లకు సైరన్ మోగించడం మా ఆనవాయితీ. మా సైరన్ నూట పది డెసిబెల్స్. నిశ్శబ్ద క్షేత్రంలో నలభైకి మించకూడదు. దానికి ప్రత్యేకాధికారి గారు దయతో ఒక వెసులుబాటు ఇచ్చారు. అతిథి గృహంలోని మూడు దుప్పట్లు, ఒక పరుపు సైరన్‌కు చుట్టి మోగించవచ్చన్నారు. మోగించాం.

ఐదు నిమిషాలకు బొంజుబాబు ఫోను మోగింది. వాళ్లావిడ దేవుడమ్మ. ఆవిడ గొంతు ఫోను పక్కన నిలబడ్డ అందరికీ వినిపిస్తుంది.

"ఏటయ్యా, కట్ట మీద దోమ పాడతన్నాదేటి?"

"దోమ కాదే. సైరను."

"సైరనా? మరి గేటు ఎత్తినారా? గెడ్డలో నీరు రాలేదే?"

"ఎత్తలేదు. గేటు మీద పిట్టున్నాది."

"ఏ పిట్ట?"

"మన పిట్టే. నాను సేసింది."

"తాగినావా?"

నేను ఫోను తీసుకున్నాను. "దేవుడమ్మా, నేను ఏఈని. మీ ఆయన చెప్పింది నిజమే."

"మీరూ తాగినారా బాబూ?"

ఊరు ఖాళీ చేయమని నేను చెప్పాలి. చెప్పాలంటే ప్రమాద ప్రకటన కావాలి. ప్రమాద ప్రకటనకు వాతావరణం నమోదు కావాలి. యాప్‌లో వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది. ఆహ్లాదకరమైన రోజున ఊరు ఖాళీ చేయించే అధికారం ఎవరికీ లేదు. ఇదంతా ఆవిడకు చెప్పాను.

"మీ కాగితం వొచ్చేదాకా గెడ్డ ఆగుద్దా బాబూ?" అంది దేవుడమ్మ. "మావే వొచ్చేస్తన్నాం పైకి. టీ పెట్టి ఉంచండి."

*

పన్నెండు గంటలకు బొడ్డగూడ అంతా గుట్ట ఎక్కింది. అరవై నాలుగు ఇళ్ల జనం, మేకలు, మూటలు, తట్టలు, ఒక టీవీ. అందరికంటే ముందు నెత్తి మీద గంపతో దేవుడమ్మ. గంపలో కోళ్లు. ఆవిడ వెనక మరో ఇరవై గంపలు. వాటిలోనూ కోళ్లే. అతిథి గృహం వరండాలో గంపలు దించి, మూతలు తీసేశారు. కోళ్లు రెక్కలు విదిల్చుకుని బల్ల మీదికి, కుర్చీల మీదికి, ఫైళ్ల మీదికి ఎక్కాయి.

"శబ్దం! శబ్దం!" అంటూ లేచిన ముక్తేశ్వరరావు గారు సగంలో ఆగిపోయారు. ఆయన మొహంలో ఒక ఆలోచన మెల్లగా తెల్లవారింది.

"డాక్టర్ గారూ. శాస్త్రప్రకారం ఇవి కూడా విహంగాలే కదా?"

"శాస్త్రప్రకారం విహంగాలేనండి" అన్నారు హైమవతి గారు అలసటగా. "కూర ప్రకారం కాదు గానీ."

ఆయన యాప్ తీశారు. ‘భూచర విహంగం, దేశవాళీ.’ ఒక్కోదానికీ ఒక్కో ఫోటో. మొదట నిలబడి తీశారు, తర్వాత మోకాళ్ల మీద పాకారు. బల్ల కింద నుంచి అంకెలు వినిపిస్తున్నాయి. "నూట పద్నాలుగు... అది ఇందాక తీశానా? కాదు, దీని తోక వేరు. నూట పదిహేను..."

"ఏటి, ఆ బాబు కోళ్లెనకాల పాకతన్నాడు?" అని దేవుడమ్మ నన్నడిగింది.

"లెక్కపెడుతున్నారు."

"నన్నడిగితే నాను సెప్పనా? రెండొందల ముప్పై ఒకటి. ఇంద, టీ పట్టు బాబూ" అని ఆయనకు బల్ల కిందే గ్లాసు అందించింది. "ఆ నల్లదాన్ని తియ్యకండి, పొడుస్తాది."

"వీటిని ఇక కదిలించరాదు" అన్నారాయన బల్ల కింద నుంచే.

"మా కోడిని మావు కోసుకోడానికి కూడా పర్మిషనా!" దేవుడమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. అంతలో ఆవిడ చూపు వరండా దాటి జలాశయం మీద పడింది. నీళ్లు కట్టకు మూరెడు కిందున్నాయి. "ఏఈ బాబూ. మా ఇల్లు?"

2,590 దాటి చాలాసేపయింది.

బొంజుబాబు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి అతను ఎవరితోనూ వాదించలేదు. ఇప్పుడు ముక్తేశ్వరరావు గారి ఎదురుగా, నేల మీద, గొంతుక్కూర్చున్నాడు. ఆయన బల్ల కింద ఉన్నారు కాబట్టి ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"అయ్యగారూ. ఒక మాట. పిట్ట దానంతటది ఎగిరిపోతే, గేటు ఎత్తొచ్చునా?"

"నిస్సందేహంగా. పదకొండో నిబంధన. స్వచ్ఛంద ప్రస్థానం. రెక్కలు విప్పి ఎగురుతున్న ఫోటో నమోదైన క్షణం నుంచి స్థలం మీ శాఖదే."

"గుడ్డు పెట్టకుండా ఎగిరిపోయినా?"

"అది దాని ఇష్టం."

"సరే అయ్యగారూ" అని లేచాడు. "ఒంటిగంటయినాది. దానికి బువ్వ పెట్టి వొస్తాను."

*

ఒంటిగంట పది. 2,591 అడుగుల ఆరు అంగుళాలు.

బొంజుబాబు ఒక చేత్తో చేపల పళ్లెం, ఇంకో చేత్తో వంతెన కమ్మీ పట్టుకుని నడిచాడు. నేను అతని నడుము తాడు పట్టుకుని వెనకే వెళ్లాను. గాలి మమ్మల్ని నిలబడనివ్వడం లేదు. సగం దూరం పాకాం. నిచ్చెన దగ్గర అతను నా వైపు తిరిగి, "తాడు గట్టిగా పట్టుకోండి, ఒగ్గీకండి బాబూ" అని దిగిపోయాడు.

పైనుంచి చూస్తున్నాను. పళ్లెం పక్కన పెట్టాడు. పక్షి మెడ పట్టుకున్నాడు. వెదురు కాలు కొక్కెంలో గట్టిగా ఇరుక్కుంది. లాగాడు. రాలేదు. ఒక అల అతని ఛాతీ దాకా వచ్చింది. తాడు నా అరచేతుల్ని కోసుకుంటూ జారింది. మళ్లీ లాగాడు. కాలు విరిగింది.

అతిథి గృహం వైపు నుంచి కేక. "స్పర్శ! స్పర్శ నిషిద్ధం!"

"ముద్ద తినిపిస్తన్నాను అయ్యగారూ!" అని బొంజుబాబు కింది నుంచి అరిచి, పక్షిని రెండు చేతులా తలకంటే పైకెత్తి, దాని పొట్ట కింద బొత్తాం నొక్కాడు.

ఫట్.

డిపార్టుమెంటు గొడుగు తన జీవితంలో అంత గాలిని చూసి ఉండదు. ఆకుపచ్చ రెక్కలు రెండువైపులా విచ్చుకున్నాయి. బూరుగు చెక్క బరువే లేదు. పక్షి బొంజుబాబు చేతుల్లోంచి లేచింది. నిట్టనిలువుగా లేచింది. నా తల మీదుగా, వంతెన మీదుగా, ఒంటి కాలితో, రెప్ప వేయకుండా, అతిథి గృహం వైపు సాగిపోయింది. బొడ్డగూడ జనం మొత్తం ఒక్కసారి "ఓహో!" అని అరిచారు. మేకలు బెదిరాయి. రెండు వందల ముప్పై ఒక్క కోళ్లూ గద్ద వచ్చిందనుకుని బల్లల కింద దూరాయి. అక్కడ అప్పటిదాకా ఉన్న ముక్తేశ్వరరావు గారు ఫోను పట్టుకుని వానలోకి పరిగెత్తారు.

నొక్కారు. ఫోటో రాలేదు. ఫోను అద్దం మీద నీళ్లు. మళ్లీ నొక్కారు. రాలేదు. రెయిన్ కోటుతో తుడిచారు, ఇంకా తడిసింది. పక్షి గుట్ట దాటుతోంది. ఇంకో పది లెక్కపెడితే మబ్బులో కలిసిపోతుంది.

"రావడం లేదు! స్పందించడం లేదు!" ఆయన గొంతు చీరుకుపోయింది. నూట పది డెసిబెల్స్ ఉంటుంది.

దేవుడమ్మ ఒక్క అంగలో వెళ్లి ఆయన చేతిలో ఫోను లాక్కుంది. లోపలి మడతల్లో పొడిగా ఉన్న చీర కొంగు బయటికి లాగి, అద్దం తుడిచి, ఆయన నెత్తి మీద గంప పట్టింది.

"ఇప్పుడు నొక్కండి బాబూ! ఎల్లిపోతన్నాది!"

నొక్కారు.

వచ్చింది.

యాప్ ప్రశ్నలు మొదలుపెట్టింది. ‘రెక్కలు కనిపించుచున్నవా?’ అవును. ‘విహంగము స్వచ్ఛందముగా వెళ్లినదా?’ అవును. ‘మన క్షేత్ర సేవల పట్ల విహంగము యొక్క సంతృప్తి?’ ఐదు నక్షత్రాలలో ఎన్ని అన్నది ఆయన ఆలోచిస్తుంటే, దేవుడమ్మ వేలు పెట్టి ఐదూ నొక్కేసింది. చిన్న చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతోంది. గంప కింద ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

అది ఎంతసేపు తిరిగిందో నేను చూడలేదు. బొంజుబాబు నిచ్చెన ఎక్కి వచ్చి, గేటు చక్రం పట్టుకున్నాడు. నేను రెండోవైపు పట్టుకున్నాను. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గేటు కింద కొండ విరిగినట్టు చప్పుడు. నీళ్లు తెల్లగా, నేల అదిరేలా బయటికి దూకాయి.

"నమోదైంది!" అని దూరం నుంచి కేక వచ్చింది.

"సరే అయ్యగారూ!" అని బొంజుబాబు జవాబిచ్చాడు, ఇరవయ్యో చుట్టు తిప్పుతూ.

అప్పుడు నీటిమట్టం 2,591 అడుగుల పది అంగుళాలు. నాలుగు గంటలకు 2,589. సాయంత్రం బొంజుబాబూ, దేవుడమ్మా, నేనూ ఊళ్లోకి దిగి చూశాం. రెండు పశువుల పాకలు పోయాయి. గెడ్డ నీళ్లు బొంజుబాబు ఇంటి దాకా వచ్చి, గడప ముందున్న రుబ్బురోలును కడిగి, వెనక్కి వెళ్లాయి. దేవుడమ్మ రోట్లో చెయ్యి పెట్టి ఒక చేపను తీసింది. దాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది.

"నీ పిట్ట తినలేదేటి?" అంది.

*

ముక్తేశ్వరరావు గారికి ఆ ఫోటో మీద పురస్కారం వచ్చింది. రెక్కలాడించకుండా ఎగరగల ఏకైక విహంగమని ఆయన రాసిన వ్యాసం నాలుగు భాషల్లోకి వెళ్లింది. పక్షి పదకొండు కిలోమీటర్ల అవతల కాఫీ తోటలో, సిల్వర్ ఓక్ చెట్టు మీద కనిపించిందట. అక్కడ కాఫీ కోత ఆపేశారు. అది వాళ్ల సమస్య.

మాకు వేరే సమస్య వచ్చింది. చెక్కపిట్ట ఎగిరిన నిమిషంలోపే గేటు ఎత్తడం, ఒక్క ప్రాణం కూడా పోకపోవడం పైవారికి బాగా నచ్చింది. దాన్ని ఆదర్శ విధానంగా ప్రకటించారు. ఇప్పుడు గేటు ఎత్తే నియమావళిలో మొదటి అంశం: ‘చెక్కపిట్ట యొక్క స్వచ్ఛంద ప్రస్థానమును ఫోటో సహితముగా నమోదు చేయవలెను.’ ఆ ఫోటో లేనిదే గేటు ఎత్తడానికి వీల్లేదు.

బొంజుబాబు ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. అయినా తొలకరి పడగానే దేవుడమ్మ గంప నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కుతుంది. ఆ ఏడాదికి సరిపడా అతను చెక్కిన పక్షులు అందులో ఉంటాయి. ఎరుపు రొమ్ము, పసుపు కాళ్లు, ఆకుపచ్చ రెక్కలు. కొత్త ఆపరేటరుకు చక్రం తిప్పడం కంటే ముందు బొత్తాం నొక్కడం నేర్పాం. నేను ప్రతి ఏప్రిల్‌లో ఇండెంటు పెడతాను: ‘గొడుగులు, ఆరు. అవసరం: గేటు ఎత్తుటకు.’ ఇంతవరకూ ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒకటో నంబరు గేటు మరమ్మతు మాత్రం ఇంకా ప్రతిపాదన దశలోనే ఉంది. దాని మీద ఏ పక్షీ వాలలేదు.